ట్యాంకులో కూర్చున్నవాడికి ఏ మెషిన్ గన్ మేలు? బ్రెడా 38, దాని పోటీదార్లు

ఇటలీ ట్యాంకు ఎం13/40లో మెషిన్ గన్ల కోసం 3,048 తూటాలు పెట్టుకునేవారు. ఈ అంకె చాలా చోట్ల కనిపిస్తుంది, చదివి ముందుకు వెళ్లిపోతాం. ఒకసారి దాన్ని 24తో భాగించి చూడండి. శేషం లేకుండా 127 వస్తుంది. ఎల్6/40 అనే చిన్న ట్యాంకులో 1,560 తూటాలు. 24తో భాగిస్తే సరిగ్గా 65. ఏబీ 41 అనే చక్రాల కవచ వాహనంలో 1,992. భాగిస్తే 83, ఇక్కడా శేషం లేదు.

ఈ మూడింటిలోనూ ఉన్న మెషిన్ గన్ ఒక్కటే, బ్రెడా మోడల్ 38. దాని పైన నిలువుగా గుచ్చే వంపు మ్యాగజైన్‌లో పట్టేవి 24 తూటాలు. అందుకే తూటాలు ఎన్ని పెట్టాలన్న లెక్క అంతా మ్యాగజైన్ల లెక్కలోనే నడిచింది. ఆ తుపాకి నిమిషానికి సుమారు 600 తూటాల వేగంతో కాలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే రెండున్నర సెకన్లలో మ్యాగజైన్ ఖాళీ. తీయాలి, ఇంకోటి గుచ్చాలి, మళ్లీ గురి చూసుకోవాలి. ఇది 127 సార్లు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ట్యాంకుల మోడల్స్ చేసేవాళ్లు, టేబుల్ మీద యుద్ధ ఆటలు ఆడేవాళ్లు, ఊరికే చరిత్ర మీద ఇష్టంతో చదివేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు: ఆనాటి ట్యాంకు మెషిన్ గన్లలో ఏది మంచిది? సాధారణంగా మనం నిమిషానికి ఎన్ని తూటాలు, ఎంత బరువు, ఎంత దూరం అని పట్టిక వేసుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఆ పట్టికలో బ్రెడా 38 బాగానే కనిపిస్తుంది. కానీ ట్యాంకు లోపల కూర్చున్నవాడి చేతులతో ఆలోచిస్తే లెక్క మారిపోతుంది. ఈ పోలిక ఆ చేతుల వైపు నుంచే రాస్తున్నాను.

ట్యాంకు తుపాకిని ఎలా కొలవాలి

కాలిబంట్లు మోసే తుపాకికి బరువే ప్రాణం. ట్యాంకులో బరువును ట్యాంకే మోస్తుంది. తుపాకి 16 కిలోలున్నా 21 కిలోలున్నా గన్నర్‌కు పెద్ద తేడా తెలియదు. అతనికి తెలిసేవి వేరే ఉన్నాయి. తుపాకి వెనుక భాగం తన ఛాతీ మీదికి ఎంత పొడుచుకు వస్తోంది? పక్కలకు ఏమైనా చాచుకుని ఉందా? కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఎటు పడుతున్నాయి? అవి వేడిగా ఉంటాయి, గుండ్రంగా ఉంటాయి, కాళ్ల కింద దొర్లుతాయి, తిరిగే భాగాల మధ్య ఇరుక్కుంటాయి. మందు పొగ ఎటు పోతోంది? గొట్టం కాలిపోతే లోపలి నుంచే మార్చగలనా? ట్యాంకు ఆగిపోతే తుపాకిని ఊడదీసి పట్టుకుని దిగగలనా? అన్నిటికంటే ముందు, ట్రిగ్గర్ మీంచి చెయ్యి తీయకుండా ఎంతసేపు కాల్చగలను?

చివరి ప్రశ్న మీదే నేను ఎక్కువ పట్టుబడతాను. ట్యాంకు మెషిన్ గన్ ప్రధాన పని శత్రు కాలిబంట్లను తల ఎత్తనివ్వకపోవడం. తుపాకి ఆగిన మూడు నాలుగు సెకన్లలోనే ఎదుటివాడు ఒక బండ వెనుక నుంచి ఇంకో బండ వెనుకకు పరిగెత్తగలడు, లేదంటే బాంబు పట్టుకుని దగ్గరికి రాగలడు.

1938లో ఇటలీ ముందున్న తుపాకులు

బ్రెడా 38ని మిగతా దేశాల తుపాకులతో పోల్చే ముందు, ఇటలీ దాన్ని ఎందుకు ఎంచుకుందో చూడాలి. అప్పటికి వాళ్ల దగ్గర వేరేవీ ఉన్నాయి.

మొదటిది ఫియట్ 35. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫియట్-రెవెల్లి 1914 తుపాకినే మార్చి తయారుచేసింది. పాతది 6.5 మి.మీ. తూటాలు కాల్చేది, నీళ్లతో చల్లబడేది. కొత్తదాన్ని 8 మి.మీ. చేశారు, నీళ్ల తొడుగు తీసి గాలితో చల్లబడేలా మార్చారు, తూటాలు వరుసగా గుచ్చిన పొడవాటి బెల్టుతో అందేలా చేశారు. కాగితం మీద ఈ మూడూ మంచి మార్పులే. చేతికొచ్చాక మాత్రం తూటాలు ఇరుక్కోవడం, గొట్టం కాగిపోయి తూటా దానంతట అది పేలడం లాంటి కష్టాలు పెట్టింది. ఎల్3/35 అనే ఇద్దరు మనుషుల బుల్లి ట్యాంకుల్లో ఇవే జంటగా ఉండేవి.

రెండోది బ్రెడా 30. కాలిబంట్ల తేలిక మెషిన్ గన్, 6.5 మి.మీ. దీని మ్యాగజైన్ తుపాకి పక్కన మడత బందుతో అతికి ఉంటుంది, ఊడి రాదు. దాన్ని తెరిచి 20 తూటాల స్ట్రిప్‌తో నింపాలి. తూటా సాఫీగా బయటికి రావడానికి తుపాకిలోనే నూనె పంపు పెట్టారు. ఎడారిలో నూనె ఉన్న చోటికి ఇసుక చేరుతుంది, ఇసుక చేరితే తుపాకి ఆగుతుంది. ఇరుకైన ట్యాంకులో ఇలాంటి తుపాకిని పక్క నుంచి నింపుకోవడం ఊహించుకుంటేనే టెన్షన్ వస్తుంది. అయినా సెమోవెంటె 75/18 అనే, ట్యాంకు లాంటి బండిలో బిగించిన ఫిరంగుల్లో తొలివాటి పైన ఇదే కనిపిస్తుంది. తర్వాత దాని చోటులోకి బ్రెడా 38 వచ్చింది.

మూడోది, కాస్త ఆగి చూడాల్సింది, బ్రెడా 37. ఇటలీ కాలిబంట్ల ప్రధాన భారీ మెషిన్ గన్ ఇదే. గట్టిది, నమ్మకమైనది. తుపాకి ఒక్కటే 19.4 కిలోలు, కింద ముక్కాలి స్టాండు ఇంకో 18.8 కిలోలు. దీని తూటాలు 20 చొప్పున ఒక లోహపు పళ్లెంలో వరుసగా పేర్చి ఉంటాయి. పళ్లెం ఒక పక్క నుంచి లోపలికి వెళ్తుంది, ఇంకో పక్క నుంచి బయటికి వస్తుంది. విచిత్రమేమిటంటే, కాల్చిన తూటా ఖాళీ తొడుగును తుపాకి బయటికి విసరదు. తీసుకొచ్చి మళ్లీ పళ్లెంలో అది ఉన్న గాడిలోనే పెడుతుంది. అటు నుంచి బయటికొచ్చే పళ్లెం నిండా ఖాళీ తొడుగులు చక్కగా పేర్చి ఉంటాయి. మళ్లీ నింపాలంటే ముందు వాటిని ఒక్కొక్కటిగా ఊడదీయాలి. ముందు వరుసలో కాల్పుల మధ్య ఉన్నవాడికి ఇది అదనపు చాకిరీ.

ఇత్తడి కాళ్ల కింద పడదు కాబట్టి ట్యాంకుకు ఈ పద్ధతే బాగుండేదని చాలామంది అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ పళ్లెం రెండు పక్కలా చాచుకుని కదులుతుంది. దానికి కుడివైపూ ఎడమవైపూ జాగా కావాలి. ఇటలీ ట్యాంకుల్లో మెషిన్ గన్లను జంటలుగా, ఒకదాని పక్కన ఒకటి బిగించేవారు. ఒక తుపాకి పళ్లెం బయటికొచ్చే చోట రెండో తుపాకి ఉంటుంది. ఆ పద్ధతి అక్కడ ఇమడదు. పైగా బ్రెడా 37 పొడవు 1.27 మీటర్లు.

బ్రెడా 38ని ఈ అన్న నుంచే మలిచారు. అదే 8 మి.మీ. తూటా, మందు వాయువు ఒత్తిడితో నడిచే అదే రకం యంత్రం. పొడవు 90 సెంటీమీటర్లకు తగ్గింది, బరువు 16 కిలోల దాకా వచ్చింది. ఎక్కువసేపు వేడిని తట్టుకోవడానికి గొట్టం లావుగా చేశారు. వెనుక రెండు చేతుల పిడులు తీసి పిస్తోలు పిడి పెట్టారు. పళ్లెం పోయి మ్యాగజైన్ పైకి వచ్చింది. పక్కలు ఖాళీ అయ్యాయి కాబట్టి రెండు తుపాకులు భుజం భుజం కలిపి కూర్చోగలవు. ఖాళీ తొడుగులు పట్టుకోవడానికి గుడ్డ సంచి తగిలించుకునే ఏర్పాటు ఉంది. ఇంట్లో ఉన్న నాలుగింటిలో ఎంచుకోవాలంటే నేనూ దీన్నే ఎంచుకుంటాను. బెల్టు ఉన్నా ఫియట్ 35 నమ్మలేనిది, బ్రెడా 30 నూనె మీద బతికేది, బ్రెడా 37 ట్యాంకులో పట్టనిది.

24 తూటాల సంగతి

ఇప్పుడు ఆ మ్యాగజైన్ దగ్గరికి వద్దాం. తూటాకు 8×59 బ్రెడా అని పేరు. బుల్లెట్ బరువు 13 గ్రాములు దాటుతుంది, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 800 మీటర్లకు దగ్గర. ఆనాటి మామూలు రైఫిల్ తూటాల కంటే బలమైనది. మెషిన్ గన్ల కోసమే తయారైంది. రైఫిల్లో పెట్టి కాలిస్తే భుజం ఓర్వలేదు. ఇంత లావు తూటాలను మ్యాగజైన్‌లో పేర్చుకుంటూ పోతే ఎత్తు పెరిగిపోతుంది. ట్యాంకు కప్పు నెత్తి మీదే ఉంటుంది. తుపాకి గొట్టాన్ని కిందికి వంచితే వెనుక భాగం పైకి లేస్తుంది, దాంతో పాటు మ్యాగజైనూ లేస్తుంది. అందుకే 24 దగ్గర ఆగిపోయారని నా అభిప్రాయం. పైన పెట్టడం ఒక సమస్య తీర్చింది, ఇంకో సమస్య తెచ్చింది.

ఇది ఒక్కో వాహనంలో ఒక్కోలా బాధ పెట్టింది. ఎం13/40లో నలుగురు మనుషులు. ముందు కుడివైపు కూర్చున్నవాడి ముందు రెండు బ్రెడా 38లు జంటగా ఉంటాయి. ఒకటి కాలుస్తూ ఉంటే రెండోది నింపి ఉంచుకోవచ్చు. లేదంటే రెండూ కలిపి 48 కాల్చి, తర్వాత రెండూ మార్చుకోవాలి. టరెట్‌లో, అంటే పైన తిరిగే గదిలో, ఇద్దరు. ట్యాంకు కమాండరే 47 మి.మీ. ఫిరంగి, దాని పక్కన ఉన్న మెషిన్ గన్ పేల్చాలి. ఫిరంగి నింపేది రెండోవాడు. సాయం చేసే చేతులైనా ఉన్నాయి.

ఎల్6/40 సంగతి చూస్తే బాధేస్తుంది. మొత్తం ఇద్దరే, టరెట్‌లో ఒక్కడు. అతనే కమాండర్, అతనే గన్నర్, అతనే నింపేవాడు. ఎదురుగా 20 మి.మీ. బ్రెడా ఫిరంగి, దానికి 296 గుండ్లు, 8 చొప్పున 37 క్లిప్పులు. పక్కన బ్రెడా 38, దానికి 65 మ్యాగజైన్లు. బయట ఏం జరుగుతోందో చూడాలి, డ్రైవర్‌కు దారి చెప్పాలి, ఫిరంగికి క్లిప్పు పెట్టాలి, మెషిన్ గన్‌కు మ్యాగజైన్ మార్చాలి. ఈ 24 తూటాల పద్ధతి అన్నిటికంటే ఎక్కువ నష్టపెట్టింది ఇక్కడే అనిపిస్తుంది. ఒక్కడే ఉన్న చోట బెల్టు అవసరం రెండింతలవుతుంది.

మిగతా సైన్యాల తుపాకులు

బ్రిటన్ తుపాకి బెసా. మూలం చెక్ దేశానిది, జెడ్‌బీ-53. బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ కంపెనీ దాన్ని తమ పద్ధతిలో తయారుచేసింది. 7.92 మి.మీ., అంటే జర్మన్లు వాడే తూటానే. బరువు 21 కిలోల పైనే. ఆ బరువంతా వాలెంటైన్, క్రూసేడర్, చర్చిల్, తర్వాతి మటిల్డా ట్యాంకులే మోశాయి. బెల్టులో 225 తూటాలు. తొలి రకాల్లో వేగాన్ని ఎక్కువ, తక్కువ మధ్య మార్చుకునే మీట కూడా ఉంది. తక్కువ వేగంలో, అంటే నిమిషానికి 500 చొప్పున, ఒక బెల్టు 27 సెకన్లు వస్తుంది. బ్రెడా 38 పది మ్యాగజైన్లు ఖాళీ చేసినా అంతసేపు కాల్చలేదు. మధ్యలో తొమ్మిది సార్లు ఆగాలి కూడా. లావు గొట్టం, నిదానమైన వేగం, పొడవాటి బెల్టు. ట్యాంకులోనే బతికే తుపాకికి ఇంతకంటే సరైన కూర్పు ఆ కాలంలో నాకు కనిపించలేదు. దిగి పరిగెత్తేటప్పుడు మాత్రం ఎవరూ దాన్ని మోసుకెళ్లాలనుకోరు.

అమెరికా బ్రౌనింగ్ ఎం1919ఏ4 దీనికి బాగా దగ్గరగా వస్తుంది. 14 కిలోలు, 250 తూటాల బెల్టు, నిమిషానికి 400 నుంచి 600 దాకా. తొలి షెర్మన్ ట్యాంకులో దీని కోసం 4,750 తూటాలు. 250తో భాగిస్తే 19 బెల్టులు. ఎం13/40లో 127 మ్యాగజైన్లు, ఇక్కడ 19 బెల్టులు. దీని లోటు గొట్టం మార్చడంలో ఉంది. గొట్టానికీ తూటా కూర్చునే భాగానికీ మధ్య సందు సరిగ్గా సర్దాలి, అది తొందరగా అయ్యే పని కాదు. కానీ షెర్మన్లు ఇన్ని దేశాల్లో ఇన్నేళ్లు పనిచేశాయంటే అందులో ఈ తుపాకి ఓర్పు కూడా ఉంది.

జర్మనీ ఎంజీ 34 అందరికీ ఇష్టమైనది. 12 కిలోల చిల్లర బరువు, నిమిషానికి 800 నుంచి 900. ట్యాంకుల్లో 150 తూటాల బెల్టులు సంచుల్లో పెట్టేవారు. ఈ వేగానికి 150 పది సెకన్లే వస్తాయి. అయితే దీని గొప్పతనం గొట్టం మార్చడంలో ఉంది. తుపాకి వెనుక భాగాన్ని తిప్పి పక్కకు జరిపితే గొట్టం వెనక్కి, అంటే ట్యాంకు లోపలికే జారి వస్తుంది. బయటికి చెయ్యి చాచక్కర్లేదు. తర్వాత వచ్చిన ఎంజీ 42 ఇంకా వేగమైనది, చవకైనది. కానీ దాని గొట్టం కుడి పక్క నుంచి బయటికి రావాలి. కవచంలో బిగించిన తుపాకికి కుడి పక్కన ఇనుప గోడ ఉంటుంది. అందుకే కాలిబంట్లకు ఎంజీ 42 వెళ్లినా, జర్మన్ ట్యాంకుల్లో యుద్ధం ముగిసేదాకా ఎంజీ 34 నిలిచింది. ట్యాంకు తుపాకిని ఏ కొలతతో కొలవాలో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నా దగ్గర లేదు.

సోవియట్ డీటీ నిజానికి బ్రెడా 38కి అన్నదమ్ముడి లాంటిది. 1929 నుంచి వాడుకలో ఉంది. 10 కిలోలే, బెల్టు లేదు, పైన గుండ్రటి డిస్కు. ఆ డిస్కులో మూడు వరుసల్లో 63 తూటాలు. ఇక్కడే సోవియట్ ఇంజినీర్ల తెలివి చూడండి. వాళ్లకూ ట్యాంకు కప్పు సమస్య ఉంది. తూటాలను నిలువుగా పైకి పేర్చకుండా చదునుగా చుట్టూ పేర్చారు. ఎత్తు తక్కువ, తూటాలు రెండున్నర రెట్లు. ఆరు సెకన్లు వస్తాయి. పైగా చిన్న కాళ్లు తగిలించి, లోపలికి జరిగి ఉండే, భుజానికి ఆనించుకునే ఇనుప ఆసరాను బయటికి లాగితే, టీ-34 కాలిపోయిన తర్వాత కూడా సిబ్బంది దాంతో పోరాడగలరు. బ్రెడా 38 కంటే డీటీ మెరుగైన ఎంపిక అని నేను నిస్సంకోచంగా చెప్పగలను. తూటా బలంలో బ్రెడా ముందుందన్న సంగతి ఇక్కడ నన్ను మార్చలేదు.

ఫ్రాన్స్ మ్యాక్ 31 కూడా డిస్కుదే. దాని డిస్కు పక్కన నిలువుగా ఉంటుంది, 150 తూటాలు పడతాయి. ఆర్35 ట్యాంకులో 2,400 తూటాలు, అంటే 16 డిస్కులు. ఆర్35 టరెట్‌లోనూ ఒక్కడే మనిషి. ఒంటరిగా కూర్చున్న ఆ కమాండర్‌కు 16 సార్లు మార్చే పని, ఎల్6 కమాండర్‌కు 65 సార్లు.

తూటాలు ఎక్కడి నుంచి రావాలి

తుపాకి ఎంచుకోవడమంటే సరఫరా లారీని కూడా ఎంచుకోవడమే. ఇటలీకి ఇక్కడ పెద్ద తలనొప్పి ఉంది. రైఫిళ్లకు, బ్రెడా 30కి 6.5 మి.మీ. 1938లో రైఫిళ్లకు కొత్తగా 7.35 మి.మీ. తెచ్చారు, అది పూర్తిగా అమలు కాకుండానే యుద్ధం వచ్చేసింది. భారీ మెషిన్ గన్లకు 8 మి.మీ. విమానాల్లో 7.7, 12.7. వీటన్నిటినీ లిబియా ఎడారి రోడ్డు మీద వందల కిలోమీటర్లు లారీల్లో మోయాలి. బ్రెడా 38 విషయంలో ఒక మేలుంది. కాలిబంట్ల బ్రెడా 37, ఫియట్ 35 కూడా అదే తూటా కాలుస్తాయి, కాబట్టి పక్కనున్న మెషిన్ గన్ దళం నుంచి ఇచ్చిపుచ్చుకోవచ్చు. పళ్లెంలో నుంచి తీసి మ్యాగజైన్‌లో నింపుకోవాలి, అంతే.

బ్రిటన్ కూడా బెసాతో ఇలాంటి ఇబ్బందే కొని తెచ్చుకుంది. కాలిబంట్ల తూటా .303 అంగుళాలు, ట్యాంకులది 7.92 మి.మీ. తూటా మార్చి తుపాకిని కొత్తగా రూపొందిస్తే ఆలస్యమవుతుందని అలాగే ఉంచేశారు. జర్మన్ల తూటాలు దొరికితే వాడుకోవచ్చు అన్నది అనుకోని లాభం. అమెరికా, సోవియట్, జర్మనీలకు ఈ బాధ లేదు. రైఫిల్‌దీ మెషిన్ గన్‌దీ ఒకటే తూటా.

బిగించిన తీరు కూడా చూడండి

1935 డిసెంబర్ 15న ఇథియోపియాలోని డెంబెగ్విన కనుమలో ఇటలీ ఎల్3 బుల్లి ట్యాంకులు ఇథియోపియా సైనికులకు చిక్కాయి. ఎల్3కి టరెట్ లేదు. ముందువైపు బిగించిన మెషిన్ గన్ కొద్దిగా అటూ ఇటూ మాత్రమే తిరుగుతుంది. పక్క నుంచీ వెనుక నుంచీ వచ్చి ట్యాంకు మీదికెక్కినవాళ్లను ఆ తుపాకి ఏమీ చేయలేదు. అక్కడ ఫియట్ బదులు బెసా ఉన్నా ఫలితం మారేది కాదు. ఎల్3/38 పేరుతో తర్వాత అదే బండిలో బ్రెడా 38లు పెట్టారు. తుపాకి బాగుపడింది, తిరిగే కోణం అంతే ఉంది.

ఎం11/39 ఇంకో తరహా పొరపాటు. జంట బ్రెడా 38లు తిరిగే టరెట్‌లో పెట్టి, 37 మి.మీ. ఫిరంగిని కింద బండి ముందు భాగంలో బిగించారు. మెషిన్ గన్లకు చక్కటి జాగా దొరికింది, ట్యాంకులను ఎదుర్కోవాల్సిన ఫిరంగి మాత్రం ముందుకే చూస్తూ ఉండిపోయింది. 1940 డిసెంబర్ 9న ఈజిప్టులోని నిబైవా శిబిరం దగ్గర ఈ ట్యాంకులు బ్రిటిష్ మటిల్డాల ముందు పడ్డాయి. మటిల్డా కవచానికి 8 మి.మీ. బుల్లెట్ చినుకుతో సమానం. ఆ మటిల్డాల వెనుక శిబిరంలోకి వెళ్లింది నాలుగో భారత డివిజన్ సైనికులే. తెలుగువాళ్లు తరతరాలుగా చేరుతున్న మద్రాస్ శాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళం నుంచి ఒక కంపెనీ ఆ డివిజన్‌తో ఎడారిలోనూ, తర్వాత ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లోనూ పనిచేసింది. కెరెన్‌లో వాళ్లు పనిచేసింది ఇటలీ మెషిన్ గన్ల గురి కిందే. అందుకే ఈ తుపాకులు మనకు పూర్తిగా పరాయి సంగతి కాదని నాకనిపిస్తుంది.

మీకు ఏది కావాలి

ఊహా పోటీగా అడిగితే, నా మొదటి ఎంపిక బెసా, పక్కనే బ్రౌనింగ్. ట్యాంకు దిగి పోరాడాల్సిన పరిస్థితి ఎక్కువైతే ఎంజీ 34, అది దొరక్కపోతే డీటీ. బ్రెడా 38ని వీటి తర్వాతే పెడతాను. అది చెడ్డ తుపాకి కాదు. ఇసుకలో, వేడిలో పనిచేసింది, దెబ్బ గట్టిగా కొట్టింది. బెల్టు పెట్టి ఉంటే బెసాతో సమానంగా మాట్లాడుకునేవాళ్లం. యుద్ధ ఆటలు ఆడేవాళ్లు నియమాలు రాసుకునేటప్పుడు బ్రెడా 38 దెబ్బ బలం తగ్గించకండి, ఎడతెగకుండా కాల్చే శక్తిని తగ్గించండి. ఎల్6కి ఇంకా తగ్గించండి. ఎం13 ముందున్న జంటకు కాస్త పెంచవచ్చు.

మోడల్స్ చేసేవాళ్లకు ప్రశ్న వేరు. ఏది మంచిదన్నది కాదు, ఆ బండిలో ఆ ఏడాది ఏది ఉందన్నదే ముఖ్యం. నేను ఒకసారి 1/35 స్కేల్‌లో ఎల్3 చేసి, ఇథియోపియా ఎర్ర మట్టి మీద పెట్టాను. రంగు, దుమ్ము, గీతలు అన్నీ కుదిరాయి. చూడటానికొచ్చిన మిత్రుడు కాసేపు వంగి చూసి, "ఇది 1935 యుద్ధం కదన్నా, మరి తుపాకి పేరులోనే 38 ఉంది కదా" అన్నాడు. నిజమే. మూడేళ్ల తర్వాత పుట్టిన తుపాకిని పెట్టేశాను. గొట్టాలు ఊడదీసి ఫియట్‌వి అతికించడానికి ఒక ఆదివారమంతా పట్టింది. అప్పటి నుంచి ముందు ఏడాది రాసుకుని, తర్వాతే పెట్టె తెరుస్తాను.

ఇథియోపియా అయితే ఎల్3కి ఫియట్. 1940 లిబియా అయితే రెండూ సాధ్యమే, మీరు చేస్తున్న బండి ఫొటో చూసి నిర్ణయించండి. ఎం11/39, ఎం13/40, ఎం14/41, ఎల్6/40, ఏబీ 41 అన్నిటికీ బ్రెడా 38నే. ఏబీ 41లో ఒకటి టరెట్‌లో, ఇంకోటి వెనుక భాగంలో ఉంటుంది, వెనుకది మర్చిపోకండి. సెమోవెంటె 75/18 తొలి బండ్లకు బ్రెడా 30, తర్వాతివాటికి 38.

బండి ముందు బిగించిన తుపాకులకు మీరు చూపించగలిగేది గొట్టం కొస మాత్రమే, కాబట్టి డబ్బు ఖర్చు పెట్టి విడి తుపాకి సెట్ కొనక్కర్లేదు. కిట్‌లో వచ్చిన గొట్టం మొన మీద సన్నటి రంధ్రం తొలిస్తే చాలు. విమానాల మీదికి కాల్చడానికి టరెట్ పైన పెట్టే బ్రెడా 38 చేస్తే మాత్రం ఖర్చు పెట్టండి. అక్కడ వంపు మ్యాగజైన్, పిస్తోలు పిడి, పక్కకు జరిపిన గురి చూపు అన్నీ కనిపిస్తాయి. మ్యాగజైన్ తుపాకికి నడిమధ్యన పైకి నిలబడి ఉంటుంది కాబట్టి గురి చూసేది పక్క నుంచే. ఆ చిన్న తేడా సరిగ్గా వస్తే తుపాకి బతికొచ్చినట్టుంటుంది.

ఎడారి దృశ్యం కోసం కొత్త ఆలోచన కావాలంటే, 1941 జనవరిలో తోబ్రుక్ దగ్గర ఆస్ట్రేలియా దళం పట్టుకుని వాడిన ఎం13/40, ఎం11/39 ట్యాంకులు చేయండి. తమవాళ్లే పొరపాటున కాల్చకుండా వాటి మీద పెద్ద పెద్ద తెల్ల కంగారూ బొమ్మలు వేసుకున్నారు. తుపాకులు బ్రెడా 38లే, వాటి వెనుక కూర్చున్నవాళ్లు మారారు.

బ్రిటిష్ వైపు బండ్లు చేసేవాళ్లు ఒక్కసారి అహ్మద్‌నగర్ వెళ్లి రండి, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు. అక్కడి ట్యాంకు మ్యూజియంలో మటిల్డా, వాలెంటైన్, చర్చిల్ ట్యాంకులు ఆరుబయట నిలబడి ఉన్నాయి. మెషిన్ గన్ బిగించే రంధ్రం కవచంలో ఎంత చిన్నదో, దాని వెనుక ఎంత జాగా ఉంటుందో ఫొటోల్లో తెలియదు. నోట్‌బుక్ పట్టుకెళ్లండి, టేపు కూడా.